భయానక చిత్రాల ఓటింగు పోటీ: బరిలోకి వేటిని దింపాలి, ఓటు దేనికి వేయాలి?

చీకటిగది అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా సినిమా మిత్రబృందంలో ముప్ఫై మందికి పైగా ఉన్నాం. ఎక్కువమందిమి హైదరాబాదులోనే ఉంటాం కానీ విశాఖ, వరంగల్లు వాళ్లూ ఉన్నారు, అమెరికాలో స్థిరపడిన కొన్ని కుటుంబాలూ ఉన్నాయి. అప్పుడప్పుడు ఒక తరహా సినిమాలను ఎంచుకొని, జంటలుగా పోటీ పెట్టి, చర్చించుకొని, ఓట్లు వేసి చివరికి ఒక సినిమాను విజేతగా నిలబెట్టడం మాకు అలవాటు. జానపదాలకూ హాస్య చిత్రాలకూ ఈ పద్ధతి చక్కగానే నడిచింది. ఈసారి భయానక చిత్రాలు పెట్టుకుందామనుకున్నాం. మహాలయ అమావాస్య నాడు మొదలుపెట్టి దీపావళి అమావాస్య నాటికి ముగిద్దామని ఒకరు సరదాగా అంటే, ఆ ముహూర్తమే బాగుందని అందరూ ఒప్పేసుకున్నారు.

చిక్కల్లా సినిమాల ఎంపిక దగ్గరే వచ్చింది. ప్రతిపాదనలు పంపమంటే జాబితా చాంతాడంత అయింది. రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’, ‘దెయ్యం’ మొదలుకొని ‘అరుంధతి’, ‘మంత్ర’, ‘అవును’, ‘గృహం’, ‘మసూద’, ‘మా ఊరి పొలిమేర’, ‘విరూపాక్ష’, ‘పిండం’ దాకా నేరుగా తెలుగులో చూసినవి ఒక వరుస. ‘చంద్రముఖి’, ‘పిజ్జా’, ‘కాంచన’ వంటి అనువాదాలు మరో వరుస. ‘ప్రేమకథా చిత్రమ్’, ‘గీతాంజలి’, ‘ఆనందో బ్రహ్మ’ ఉండాల్సిందేనని పట్టుబట్టేవారు వేరు. ‘తుంబాడ్’, ‘భ్రమయుగం’ లేకుండా పోటీ ఏమిటని అడిగేవారు ఇంకా వేరు. ‘ది ఎక్సార్సిస్ట్’ను కూడా ఒకరు ప్రతిపాదించారు.

నా సందేహాలు మూడు. అసలు భయానక చిత్రం అన్న గీత ఎక్కడ గీయాలి? నవ్వించే దెయ్యం సినిమాను లోపలికి రానివ్వాలా? చివర్లో మనోవైద్యుడు వచ్చి దెయ్యం లేదని తేల్చేసే సినిమా సంగతేమిటి? రెండోది ఓటింగు. ఇంతకుముందు వాట్సాప్ పోల్ పెట్టేవాళ్లం. మొదటి గంటలో ఏ సినిమా ముందుంటే చివరిదాకా అదే ముందుండేది, అసలు చూడని వాళ్లు కూడా ఓటు వేసేవారు. మూడోది చర్చ. హాస్య చిత్రాల మీద మాట్లాడమంటే అందరికీ మాటలు వచ్చాయి, భయం గురించి మాట్లాడమంటే మాత్రం ‘బాగా భయపెట్టింది’, ‘అస్సలు భయపెట్టలేదు’ అన్న రెండు ముక్కలతోనే ఆగిపోతున్నారు. అనుభవం ఉన్నవారు సలహా చెప్పగలరు.

పాత రీలు రాసిన జవాబు

చీకటిగది గారూ, మీ మూడో సందేహానికి సమాధానం దొరికితే మొదటి రెండూ చాలావరకు వాటంతట అవే తీరిపోతాయని నా అభిప్రాయం. ‘ఏ సినిమా ఎక్కువ భయపెట్టింది’ అన్నది ఓటుకు పనికివచ్చే ప్రశ్న కాదు. పన్నెండేళ్ల వయసులో, కరెంటు పోయిన ఊళ్లో వీడియో క్యాసెట్టు మీద చూసిన సినిమా చచ్చినా మరవలేనంత భయపెడుతుంది. అదే సినిమాను మధ్యాహ్నం అన్నం తింటూ ఫోనులో చూసినవారికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆ తేడా సినిమాది కాదు, చూసిన పరిస్థితిది. అందుకని మీ బృందం ముందే ఒక ప్రశ్న మీద ఒప్పందానికి రావాలి. ‘భయాన్ని ఏ సినిమా బాగా కట్టింది?’ అని అడగండి. అప్పుడు మాట్లాడటానికి చేతికి అందే విషయాలు ఉంటాయి: కెమెరా ఎక్కడ నిలబడింది, చప్పుడు ఎక్కడ ఆగింది, మనకు ఏం చూపించారు, ఏం దాచారు.

1992లో వచ్చిన ‘రాత్రి’ని తీసుకోండి. హిందీలో ‘రాత్’గా, తెలుగులో ‘రాత్రి’గా ఒకేసారి తీసిన సినిమా అది. కథ చెప్పమంటే రెండు వాక్యాల్లో అయిపోతుంది: ఒక కుటుంబం కొత్త ఇంట్లోకి దిగుతుంది, కాలేజీ చదువుతున్న అమ్మాయి రేవతిని ఏదో పట్టుకుంటుంది, చివర్లో ఓంపురి మాంత్రికుడిగా వస్తాడు. కానీ ఆ సినిమా చూసినవారికి గుర్తుండేది కథ కాదు, నేలకు జానెడు ఎత్తులో జారుతూ మనుషుల వెనక నుంచి దగ్గరికి వచ్చే కెమెరా. ఆ చూపు ఎవరిదో మనకు చెప్పరు. చాలాసేపు ఏమీ జరగదు కూడా. మణిశర్మ నేపథ్య సంగీతం ఉన్న చోట ఒక రకం బెదురు, అది ఆగిన చోట అంతకంటే ఎక్కువ బెదురు. దెయ్యాన్ని చూపించకుండా దెయ్యం చూపును చూపించడం అప్పటికి మన తెరకు కొత్త. అంతకుముందు హిందీలో రామ్సే సోదరుల సినిమాలు ‘పురానా మందిర్’ (1984), ‘వీరానా’ (1988) వంటివి వేషం మీద, రంగు దీపాల మీద, పాడుబడ్డ హవేలీ మీద ఆధారపడ్డాయి. వర్మ ఆ హవేలీని వదిలేసి, మామూలు మధ్యతరగతి ఇంటి వంటగదిలోకీ నేలమాళిగలోకీ భయాన్ని తెచ్చాడు. ఆ తరవాత 2003లో ‘భూత్’ తీసినప్పుడు అదే ఆలోచనను ముంబయిలోని ఎత్తైన భవనంలో ఒక ఫ్లాటుకు మార్చి, పాటలు పూర్తిగా తీసేశాడు.

ఇక గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న. ‘చంద్రముఖి’ని బయట పెట్టవద్దని నా మనవి. దానికి మూలమైన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళ్’ 1993లో వచ్చింది, అందులో కథానాయిక పాత్రకు శోభన జాతీయ ఉత్తమ నటి అయింది. అందులో దెయ్యం లేదన్నది నిజమే కానీ, చూస్తున్నంతసేపూ ప్రేక్షకుడి వెన్ను మీద పాకేది భయమే. చివరి పది నిమిషాల వివరణ వెనక్కి వెళ్లి ఆ భయాన్ని రద్దు చేయదు. ‘ది ఎక్సార్సిస్ట్’ (1973) గొప్ప చిత్రమే, ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందిన మొదటి భయానక చిత్రం కూడా. అయినా దాన్ని ఈ పోటీలో వద్దంటాను. ఒక్కటి వస్తే ‘ది షైనింగ్’ వస్తుంది, జపాను ‘రింగు’ వస్తుంది, ఇక మన సినిమాల గురించి మాట్లాడటానికి మిగిలేది ఉండదు. వాటికి మరో ఏడాది కేటాయించండి.

కాకినాడ కాజా రాసిన జవాబు

హాస్యం కలిసిన దెయ్యం సినిమాలను తీసిపారేయాలన్న ధోరణి కనిపిస్తోంది కనుక వాటి తరఫున ఒక మాట. 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ విజయవంతమైన తరవాత కొన్నేళ్లపాటు తెలుగులో దెయ్యం అంటే హాస్యమే అయింది. ఆ ఏళ్లలో కుటుంబసమేతంగా దెయ్యం సినిమాకు వెళ్లినవారు చూసింది వీటినే. ‘ఆనందో బ్రహ్మ’ (2017) అయితే దెయ్యాలే మనుషులను చూసి భయపడతాయన్న తిరుగుడు ఆలోచన మీద నిలబడ్డ సినిమా, అది తెలివైన పని. కానీ ‘మసూద’తో దీన్ని ముఖాముఖి పెట్టి ఓటు వేయమంటే రెండింటికీ అన్యాయమే. నవ్వు వచ్చిందా అని అడిగితే ఒకటి గెలుస్తుంది, నిద్ర పట్టిందా అని అడిగితే రెండోది గెలుస్తుంది. వీటికి పక్కన చిన్న పోటీ పెట్టండి, నాలుగు సినిమాలు చాలు. పిల్లలతో కలిసి చూసే వీలు కూడా ఆ పక్క పోటీకే ఉంటుంది.

లెక్కల మాస్టారు రాసిన జవాబు

ఓటింగు గురించి అడిగారు కనుక నేను అందుకే పరిమితమవుతాను.

ముందు కాలం లెక్క. నాకౌట్ పోటీలో ప్రతి పందెంలోనూ ఒక సినిమా వెళ్లిపోతుంది కనుక, పదహారు సినిమాలుంటే పదిహేను పందేలు, ఎనిమిది ఉంటే ఏడు. అమావాస్య నుంచి అమావాస్యకు ముప్ఫై రోజులు. పదిహేను పందేలు పెడితే ఒక్కోదానికి రెండు రోజులు వస్తాయి. రెండు రోజుల్లో ఉద్యోగాలు చేసుకునేవారు రెండేసి సినిమాలు చూసి, చర్చించి, ఓటు వేయలేరు, చూడకుండా వేస్తారు. మీరు చెప్పిన రెండో జబ్బుకు సగం కారణం ఇదే అయ్యుండాలి. ఎనిమిదికి దించండి. అప్పుడు నాలుగేసి రోజులు వస్తాయి, పైగా రెండో అంచె నుంచి సినిమాలు అప్పటికే చూసినవే కాబట్టి ఆ రోజులు చర్చకు మిగులుతాయి.

ఎనిమిదిని ఎలా ఎంచాలి? ‘ఒకరికి ఒకే ఓటు’ పద్ధతిని ఎంపిక దశలో వాడవద్దు. ఉదాహరణకు ముప్ఫై మందిలో పద్దెనిమిది మందికి ఇంట్లో జరిగే దెయ్యం కథలంటే ఇష్టమనుకుందాం. అలాంటి సినిమాలు మూడు ఉంటే వాళ్ల ఓట్లు ఏడు, ఆరు, ఐదుగా చీలిపోతాయి. మిగతా పన్నెండు మందీ ‘అరుంధతి’కి వేస్తే, బృందంలో ఎక్కువమంది కోరుకోని తరహా సినిమా మొదటి స్థానంలోకి వస్తుంది. సినిమా మంచిచెడ్డలతో దీనికి సంబంధం లేదు, పద్ధతిలోనే లోపం ఉంది.

దీనికి సులువైన విరుగుడు సమ్మతి ఓటు. పూర్తి జాబితా ఇచ్చి, ‘పోటీలో ఉండదగినవి’ అనుకున్న ప్రతిదానికీ టిక్కు పెట్టమనాలి. ఎన్నింటికైనా పెట్టవచ్చు. ఎవరి ఓటూ చీలదు. పద్దెనిమిదవ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త బోర్డా పేరుతో మార్కుల పద్ధతి ఒకటి ఉంది: వరుసగా ర్యాంకులు ఇచ్చి, మొదటిదానికి ఎక్కువ, చివరిదానికి తక్కువ మార్కులు వేసి కూడటం. వినడానికి అది ఇంకా న్యాయంగా ఉంటుంది కానీ, తమ సినిమాకు గట్టి పోటీ అనుకున్నదాన్ని కావాలని అట్టడుగున పెట్టేవారు ప్రతి బృందంలోనూ ఉంటారు. తన పద్ధతి నిజాయితీపరుల కోసమేనని బోర్డాయే అన్నట్టు చెబుతారు. మీ మిత్రుల నిజాయితీ మీద నాకు అనుమానం లేదు, వాళ్ల అభిమాన హీరోల మీద ఉంది.

జంట పందేల్లో రెండే సినిమాలు ఉంటాయి కనుక మామూలు ఓటు సరిపోతుంది. కానీ వాట్సాప్ పోల్ వద్దు. ఎవరు దేనికి వేశారో, ఏది ముందుందో అందులో అప్పటికప్పుడు అందరికీ కనిపిస్తుంది. ముందున్నదాని వెంట నడవడం మనుషుల సహజ గుణం. గూగుల్ ఫారమ్ పెట్టి, గడువు ముగిసేదాకా ఫలితం నిర్వాహకుడికి తప్ప ఎవరికీ కనిపించకుండా చూడండి. అందులోనే ‘ఈ రెండు సినిమాలూ పూర్తిగా చూశాను’ అన్న ప్రశ్న తప్పనిసరిగా ఉంచండి. లేదన్నవారి ఓటు లెక్కించకండి, చర్చకు మాత్రం రానివ్వండి. ఓట్లు సమానమైతే నాణెం ఎగరేయవద్దు. ఈ నెలలో ఆ రెండింటినీ మళ్లీ చూసినవారి ఓట్లను మాత్రమే విడిగా లెక్కపెట్టండి. ఆ వివరం కూడా ఫారమ్‌లో ముందే అడిగి ఉంచుకుంటే సరిపోతుంది.

నీలిమేఘం రాసిన జవాబు

పాత రీలు గారు చెప్పిన ప్రశ్న నాకు నచ్చింది. దానికి కొనసాగింపుగా జంటలను కలపడం గురించి ఒక సూచన చేస్తాను. చీట్లు తీసి జంటలు కడితే ‘అవును’కూ ‘విరూపాక్ష’కూ పోటీ పడవచ్చు. ఒకటి కొత్తగా పెళ్లయి కొత్త ఇంట్లో అడుగుపెట్టిన అమ్మాయి కథ, రెండోది ఊరు ఊరంతా ప్రాణభయంతో తలుపులు మూసుకునే కథ. వీటిని పక్కపక్కన పెట్టి ఏం మాట్లాడతారు? ఒకే రకం భయాన్ని రెండు సినిమాలు ఎలా కట్టాయో పోల్చినప్పుడే మాటలు పుడతాయి. కాబట్టి మొదటి అంచెలో ఇంటి భయానికి ఎదురుగా ఇంటి భయం, చేతబడికి ఎదురుగా చేతబడి, ఆవహించే కథకు ఎదురుగా ఆవహించే కథ పెట్టండి. ఇలా చేస్తే రెండో అంచెకు నాలుగు వేర్వేరు రకాల సినిమాలు చేరతాయి, ఒకే రకానివి చివరిదాకా రాజ్యమేలవు.

ఇంటి భయంలో నేను ‘రాత్రి’కి ఎదురుగా రవిబాబు ‘అవును’ (2012) పెడతాను. ‘రాత్రి’లో మనం దెయ్యం కళ్లతో మనిషిని చూస్తాం. ‘అవును’లో పూర్ణ పోషించిన మోహిని పడకగదిలో, స్నానాల గదిలో, అద్దం ముందు తాను ఒంటరిగా ఉన్నాననుకుంటుంది, లేదని మనకు తెలుసు. ఆమెకు తెలియకపోవడమే అక్కడ భయం. ఈ సినిమా గురించి చర్చలో ఒక మాట నేనే ముందుగా అడుగుతాను: అక్కడ కెమెరా ఆమె పక్షాన నిలబడి భయపెడుతోందా, లేక ఆ కనిపించనివాడి పక్షాన నిలబడి మనల్ని కూడా చూడమంటోందా? ఆడవాళ్లు చాలామంది ఆ సినిమాను ఇబ్బందిగా గుర్తుపెట్టుకోవడానికి కారణం అక్కడే ఉందని అనుకుంటాను. అది సినిమా బలమని కొందరు, బలహీనత అని కొందరు అంటారు. ఓటు వేయవలసిన విషయం సరిగ్గా అలాంటిదే.

‘మసూద’ (2022) గురించి రెండు మాటలు. అందులో సంగీత పోషించిన నీలం భర్తకు దూరంగా ఉంటూ, పాఠాలు చెప్పుకుంటూ కూతురు నాజియాను పెంచుకునే తల్లి. సాయానికి వచ్చే పక్కింటి గోపి ఏమాత్రం ధైర్యం లేని కుర్రాడు. మన సినిమాల్లో దెయ్యానికి ఎదురు నిలిచేవాడు సాధారణంగా హీరో అయినా అవుతాడు, మాంత్రికుడైనా అవుతాడు. ఇక్కడ తిరువీర్ అడుగడుగునా వణుకుతూనే పనులు చేస్తాడు, ఆ వణుకే మనకు అంటుకుంటుంది. నాజియాగా బాంధవి శ్రీధర్ చేసిన నటనలో గొంతు కంటే ఒళ్లు ఎక్కువ మాట్లాడుతుంది: తల వంచుకొని కూర్చున్నప్పుడు భుజాలు ఉండే తీరు చూడండి. నిడివి కాస్త ఎక్కువే, మొదటి సగంలో ప్రేమకథకు ఇచ్చిన సమయం నాకు విసుగనిపించింది. దీనికి ఎదురుగా సిద్ధార్థ్ ‘గృహం’ (2017) సరైన జోడీ. అక్కడ కూడా ఒక ఆడపిల్లను ఏదో ఆవహిస్తుంది, పక్కింటివారు అందులో చిక్కుకుంటారు. కానీ అక్కడి పక్కింటివాడు మెదడు శస్త్రచికిత్స చేసే వైద్యుడు, భయపడటానికి మొదట ఒప్పుకోనివాడు. ఒకే మెట్టు మీద నిలబడ్డ ఇద్దరు పొరుగువాళ్లు, రెండు రకాల భయాలు.

చేతబడి జంట ‘మా ఊరి పొలిమేర’, ‘విరూపాక్ష’ అవుతుందని వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తెలుగు పాఠకులకు చేతబడి భయాన్ని ఇంటింటికీ చేర్చింది సినిమా కంటే ముందు వారపత్రికల సీరియళ్లే. ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వస్తున్న రోజుల గురించి మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. కథగా అది కథే. అయితే మన పల్లెల్లో చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు నిజంగా జరిగాయి, బాణామతి పేరుతో తెలంగాణ జిల్లాల్లో ఎంతమంది బాధపడ్డారో ఆ ప్రాంతంవారికి తెలుసు. ‘విరూపాక్ష’ మొదలయ్యేదే రుద్రవనం ఊరివాళ్లు ఒక జంటను చెట్టుకు కట్టి తగలబెట్టడంతో. ఆ గుంపు చేసిన పనిని సినిమా చివరికి ఎటు తిప్పింది, మనకు అసహ్యం కలిగించిందా, లేక సమర్థన వెతికిపెట్టిందా అన్న ప్రశ్నను చర్చలో తప్పించుకోవద్దు. అదే ప్రశ్నను ‘పొలిమేర’కూ వేయవచ్చు. ఆటో నడుపుకునే మామూలు మనిషిగా సత్యం రాజేష్ కనిపించే తీరు ఆ సినిమాలో పెద్ద ఎత్తుగడ. హాస్య పాత్రల్లో చూసిన ముఖం కనుక మనం అనుమానించం.

పాత రీలు రాసిన జవాబు

నీలిమేఘం గారి జంటల పద్ధతి బాగుంది, నా మొదటి జవాబుకు లోటు తీర్చింది. ఒక్క అభ్యంతరం. ‘13బి’ని ఎవరూ తలచుకోలేదు. విక్రమ్ కుమార్ 2009లో హిందీ, తమిళ భాషల్లో ఒకేసారి తీశాడు, మాధవన్ నాయకుడు, పి.సి.శ్రీరామ్ ఛాయాగ్రహణం. తరవాత ఈ దర్శకుడే తెలుగులో ‘మనం’ తీశాడు. పదమూడో అంతస్తులోని కొత్త ఫ్లాటులో నాయకుడు ఒక్కడే ఎక్కితే లిఫ్టు కదలదు, పక్కన మరొకరుంటే కదులుతుంది. పాలు విరిగిపోతాయి. దేవుడి పటానికి మేకు దిగదు. ఆ ఇంట్లో అతను తన ఫోనుతో తీసుకున్న ఫొటోల్లో తన ముఖం వంకర్లు పోయి ఉంటుంది. ఇంట్లో ఆడవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకు చూసే టీవీ సీరియల్లో జరిగేదే ఆ ఇంట్లోనూ జరగడం మొదలవుతుంది. రోజూ అత్తాకోడళ్ల సీరియల్ నడిచే మన ఇళ్లలో ఇంతకంటే దగ్గరి భయం ఏముంటుంది? జుట్టు విరబోసుకున్న ఆకారం తలుపు సందులోంచి దూకదు. మామూలు వస్తువు మామూలుగా ప్రవర్తించకపోవడంతోనే సినిమాలో సగం గడుస్తుంది. భయాన్ని కట్టడం అని నేనన్నదానికి ఇంతకంటే మంచి నమూనా నాకు తోచదు.

‘అరుంధతి’ మాటకు వస్తే, అది ఈ పోటీలో గెలుస్తుందేమోనన్న భయం మాస్టారి జవాబులో లీలగా కనిపించింది. గెలిచినా తప్పు లేదు కానీ, ఎందుకు గెలుస్తుందో తెలిసి గెలవాలి. గద్వాల సంస్థానం నేపథ్యం, కోట, జేజమ్మగా అనుష్క, పశుపతిగా సోనూ సూద్, ఆ పశుపతికి రవిశంకర్ ఇచ్చిన గొంతు. ‘వదల బొమ్మాళీ’ అన్నది 2009లో చిన్నపిల్లల నోట కూడా ఆడిన మాట. సోనూ సూద్ ముఖాన్ని పక్కన పెట్టి గొంతును మాత్రమే వినండి. ఆ భయంలో సగానికి పైగా డబ్బింగ్ గదిలో పుట్టింది. కోడి రామకృష్ణ అప్పటికే ‘అమ్మోరు’ (1995) తీసినవాడు, దుష్టశక్తినీ దాన్ని అణచే స్త్రీశక్తినీ ఎదురెదురుగా నిలబెట్టడం ఆయనకు కొట్టిన పిండి. అయితే ఆ సినిమా చూశాక మనలో మిగిలేది భయమా, జేజమ్మ మీద భక్తిలాంటి గౌరవమా? ‘చంద్రముఖి’తో దాన్ని జంట కట్టి ఈ ప్రశ్న వేయండి. రెండింట్లోనూ పాత భవనం ఉంది, రెండింట్లోనూ గత కాలపు పగ ఉంది, రెండింట్లోనూ నాట్యం ఉంది.

చీకటిగది రాసిన జవాబు

అందరికీ కృతజ్ఞతలు. ఇక్కడి సూచనలను బృందం ముందు పెట్టి, మాస్టారు చెప్పిన సమ్మతి ఓటు నిర్వహించాం. నేరుగా తెలుగులో వచ్చినవి, తెలుగు అనువాదంలో మేమందరం చూసినవి మాత్రమే అన్న నియమం పెట్టుకున్నాం. ఆ నియమం వల్ల ‘13బి’, ‘తుంబాడ్’, ‘భ్రమయుగం’ వెళ్లిపోయాయి. ‘13బి’ విషయంలో పాత రీలు గారు నన్ను క్షమించాలి, నేను దానికి టిక్కు పెట్టాను. ‘పిండం’, ‘మంత్ర’, ‘పిజ్జా’ కొద్దిలో తప్పాయి. ‘పిజ్జా’ గురించి మాట్లాడితే చివరి మలుపు చెప్పక తప్పదని, చూడనివారికి అది ద్రోహమని ఒకరు వాదించారు. అది నిజమే అనిపించింది.

మొదటి అంచె ఇలా కుదిరింది. ఇంటి భయానికి ‘రాత్రి’, ‘అవును’. ఆవహించే కథలకు ‘మసూద’, ‘గృహం’. చేతబడికి ‘మా ఊరి పొలిమేర’, ‘విరూపాక్ష’. పాత పగలకు ‘అరుంధతి’, ‘చంద్రముఖి’. హాస్యం కలిసిన నాలుగు సినిమాలకు వేరే పోటీ ఆదివారాలు మధ్యాహ్నం నడుస్తుంది, దాని బాధ్యత పిల్లలున్న కుటుంబాలకే ఇచ్చాం. ఫారమ్ మీద రాసిన ప్రశ్న ఒక్కటే: ‘భయాన్ని ఈ రెండింటిలో ఏది బాగా కట్టింది? ఒక సన్నివేశం చెప్పి కారణం రాయండి.’ కారణం రాయని ఓటు చెల్లదని నేను పట్టుబట్టాను, కొందరు సణిగినా ఒప్పుకున్నారు.

ఒక చిన్న సందేహం మిగిలింది. ‘పొలిమేర’కు రెండు భాగాలున్నాయి. మొదటిది 2021లో నేరుగా ఓటీటీలో వచ్చింది, రెండోది 2023లో థియేటర్లలో. రెండింటినీ కలిపి ఒకటిగా లెక్కించాలా?

లెక్కల మాస్టారు రాసిన జవాబు

మొదటి భాగం మాత్రమే లెక్కించండి. రెండూ కలిపితే ‘విరూపాక్ష’ ఒక్క సినిమాగా రెండింటితో తలపడినట్టు అవుతుంది. పైగా రెండో భాగం మొదటిదానిలోని చాలా సంగతులకు వివరణలు ఇస్తుంది కనుక, ఓటు వేసేవారు మొదటి భాగం కట్టిన భయానికి వేస్తున్నారో, రెండో భాగం విప్పిన ముడికి వేస్తున్నారో తేలదు. రెండో భాగం చూసినవారు చర్చలో దాని ఊసెత్తకూడదని కూడా నియమాల్లో రాయండి.

ఇంకొకటి. కారణం రాయని ఓటు చెల్లదన్నారు, బాగుంది. అయితే ఆ కారణాలను ఫలితం ప్రకటించిన తరవాతే, పేర్లు లేకుండా బృందంలో పెట్టండి. ముందే బయటపడితే వాట్సాప్ పోల్‌తో వచ్చిన చిక్కే మళ్లీ వస్తుంది.

నీలిమేఘం రాసిన జవాబు

పేర్లు లేకుండా పెట్టడానికి నేను ఒప్పుకోను, మాస్టారూ. ఫలితం వచ్చాక ఎవరు ఏ కారణం రాశారో తెలియకపోతే వారితో వాదించేదెలా? ‘అవును’కు ఓటు వేసినవారిని నేను తప్పకుండా రెండు ప్రశ్నలు అడగాలి. గడువు దాకా దాచండి, తరవాత పేర్లతోనే పెట్టండి. ఇష్టంలేనివారు తమ పేరు వద్దని ఫారమ్‌లో చెప్పుకునే వీలు ఉంచితే చాలు. అమెరికాలో ఉన్నవారికి మన అర్ధరాత్రి గడువు ఇంకా పగలే అవుతుంది కాబట్టి, ముగింపు సమయం ఏ దేశపు లెక్కలోనో ఫారమ్ పైనే స్పష్టంగా రాయండి.